ఎర్రనేల చింతమాను, నలుపు తెలుపులో

కింద ఎర్రటి దుక్కి, మధ్యలో పచ్చటి చింతమాను, పైన నీలం ఆకాశం. కంటికి మూడూ ఎంత విడివిడిగా కనిపిస్తాయో చెప్పక్కర్లేదు. అదే చోట నిలబడి ఫోన్‌లో మోనో ఆప్షన్ పెట్టి చూస్తే మాత్రం చెట్టూ నేలా ఒకటే బూడిద రంగు. ఆకు ఎక్కడ అయిపోయిందో, చేను ఎక్కడ మొదలైందో తెలియదు. అనంతపురం నుంచి బైకు మీద వెళ్లి రాగలిగే ఒక పల్లెలో, చేని మధ్య ఒక్కటే నిలబడ్డ పాత చింతమానును బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీద తీయాలని మొదలుపెట్టినప్పుడు నాకు ఎదురైన అసలు సమస్య ఇది. కెమెరా, ఫిల్టర్లు, గాలి, ఐసు గడ్డలు, చివరికి రైతుతో వాదన, అన్నీ దీని చుట్టూ తిరిగినవే.

చెట్టు ఫొటో అనగానే ఆఫీసులో అందరూ ఒకటే మాట, తిమ్మమ్మ మర్రిమాను దగ్గరికి పో అని. కదిరి మనకు దూరమేం కాదు కాబట్టి వెళ్లాను. దాదాపు ఐదు ఎకరాల్లో పరుచుకుని 1989లో గిన్నిస్ బుక్కుకెక్కిన మాను అది. లోపల నిలబడితే ఎటు చూసినా ఊడలే. బయటికొచ్చి చూస్తే పొడుగ్గా పచ్చటి గుట్ట. చూడ్డానికి రెండు కళ్లు చాలవు గానీ, ఫ్రేములో పెట్టబోతే అది చెట్టు కాదు, అడవి. నాకు కావాల్సింది ఒక మొదలు, ఒక తల, చుట్టూ ఖాళీ.

చింతనే ఎందుకంటే, ముసలి చింత మొదలు మీద బెరడు నిలువునా అడ్డంగా పగిలి గడులు గడులుగా ఉంటుంది. పక్కనుంచి ఎండ పడితే ఆ పగుళ్లన్నీ లెక్కపెట్టొచ్చు. పైన ఆకు చూస్తే అతి చిన్నది. జతలు జతలుగా ఒత్తుగా ఉండి, దూరం నుంచి తల మొత్తం గుండ్రంగా మెత్తగా కనిపిస్తుంది. కింద గరుకు, పైన మెత్తన. రంగు తీసేశాక ఫొటోలో పట్టుకోవడానికి మిగిలేవి ఇలాంటివే. వేప అందంగా ఉండదని కాదు. కానీ మా వైపు ముసలి వేప ఒంటరిగా దొరకడం కష్టం. దాని కింద అప్పటికే ఒక గుడో, రచ్చబండో, టీ కొట్టో వెలిసి ఉంటుంది.

ఈ మాను రోడ్డు మీద పోతుంటే కనిపించింది. వెంటనే కెమెరా తీయలేదు, చేను ఎవరిదో కనుక్కుని ముందు ఆయన్ని అడిగాను. జపాన్‌లో హొక్కయిదో దీవిలో బియే అనే ఊరి దగ్గర పొలాల మధ్య ఒక ఒంటరి పోప్లర్ చెట్టు ఉండేది. తత్వవేత్త చెట్టు అని దానికి పేరు. ఫొటోల కోసం వచ్చే జనం పైర్లు తొక్కుతుంటే చెప్పీ చెప్పీ విసిగిపోయి, 2016 ఫిబ్రవరిలో దాని యజమాని ఆ చెట్టును కొట్టించేశాడు. ఆ సంగతి చదివినప్పటి నుంచి గట్టు దిగి చేలో కాలు పెట్టాలంటే నాకు భయం. ఈ ఊరి పేరు రాయకపోవడానికి కారణమూ అదే.

రైతన్న ఏమీ అభ్యంతరం చెప్పలేదు. ఆయనకు అర్థం కానిదల్లా ఒక్కటే, ఒకసారి తీసిన చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ ఎందుకొస్తున్నానని. "ఏం సార్, మళ్లీ వస్తిరి? మాను యాడికీ పోదులే" అనేవాడు నవ్వుతూ. ఒకరోజు గట్టు మీద కూర్చుని ఉడకబెట్టిన చెనక్కాయలు తింటూ, ఇంత పెద్ద చేలో ఈ ఒక్క చెట్టే ఎందుకుందని అడిగాను.

"మా జేజినాయన కాలంలో ఈ గట్టెంబడి ఏడెనిమిది మాన్లుండె సార్. కరువొచ్చినప్పుడల్లా ఒగోటి అమ్ముకున్యాం. ఇటుకబట్టీలోళ్లు వచ్చి కోసుకపోయిరి."

మరి దీన్నెందుకు అమ్మలేదంటే, కాయ బాగుంటుందట. చెట్టు మీద ఉండగానే కాయను గుత్తకిస్తే విత్తనాల ఖర్చు కొంత తేలుతుంది. దాని నీడ పడినంత మేర చెనిక్కాయ సరిగా రాదు, అయినా లెక్క సరిపోతుందని ఆయన ఉద్దేశం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం ఇది. చెట్టు ఉండాలా పోవాలా అన్నది ఇక్కడ ఇలాంటి లెక్కల మీదే తేలుతుంది. నేను అప్పటిదాకా ఒంటరి చెట్టు అని మనసులో అనుకుంటున్నదంతా కాస్త సినిమా పాటలా ఉందని అనిపించింది. అది ఒంటరిగా పుట్టలేదు, ఒంటరిగా మిగిలింది.

ఇక కెమెరా. మా టౌన్‌లో ఒక పాత స్టూడియో ఉంది. దాన్ని నడిపే పెద్దాయన ఇప్పుడు పాస్‌పోర్ట్ ఫొటోలు, లామినేషన్లతో నెట్టుకొస్తున్నాడు. ఒకప్పుడు పెళ్లిళ్లు తీసిన యాషికా మ్యాట్ 124జీ ఇంకా ఆయన బీరువాలో ఉంది. పైన ఒకటి, కింద ఒకటి రెండు లెన్సులుండే కెమెరా. మెడలో వేసుకుని తల వంచి పై నుంచి అద్దంలోకి చూడాలి. అందులో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. చెట్టును కుడికి జరపాలంటే కెమెరా ఎటు తిప్పాలో చెయ్యికి అలవాటు కావడానికి టైం పడుతుంది. 120 సైజు ఫిల్మ్, రీలుకు 12 చదరపు ఫొటోలు. 80 ఎంఎం లెన్స్ ఒక్కటే, మార్చే వీల్లేదు, జూమ్ లేదు. వెలుతురు కొలిచే లోపలి మీటర్ ఎప్పుడో చచ్చిపోయింది. పెద్దాయన దాన్ని అమ్మనన్నాడు, కానీ వాడుకోమని ఇచ్చాడు. "రీలు కడిగేటప్పుడు మాత్రం నన్ను పిలువు నాయనా, ఆ వాసన చూసి చాన్నాళ్లయింది" అన్నాడు.

ఎక్కడ నిలబడాలన్నది తేలడానికి ఫిల్మ్ అక్కర్లేదు. ఫోన్ పట్టుకుని చేని చుట్టూ గట్ల మీద తిరిగితే చాలు. దగ్గరికి పోతే చెట్టు పెద్దగా వస్తుంది గానీ, కెమెరా పైకెత్తాల్సి వస్తుంది కాబట్టి మొదలు వెనక్కి వాలినట్టు కనిపిస్తుంది. దూరం జరిగితే చెట్టు నిటారుగా, ఉన్న ఆకారంలో ఉంటుంది, కానీ వెనక ఉన్నవన్నీ ఫ్రేములోకి వస్తాయి. మా జిల్లాలో వెనక ఉండేవేంటో తెలుసుగా, గాలిమరలు. ఉత్తరం వైపు గుట్ట మీద వరసగా ఉన్నాయి. వాటికి తోడు బోరుకు వెళ్లే కరెంటు స్తంభాలు. గట్టు మీద కొన్ని అడుగులు పడమటికి జరిగితే గాలిమరల్లో చాలావరకు చింత తల వెనక్కి వెళ్లిపోయాయి. మిగిలిన వాటికి ఇంకో ఉపాయం దొరికింది. నిలబడి తీస్తే చెట్టు తల సగం గుట్టలో కలిసిపోతోంది. ట్రైపాడ్‌ను మోకాళ్ల ఎత్తుకు దించితే గుట్ట కిందికి పోయి, తల మొత్తం ఆకాశంలోకి వస్తోంది. పై నుంచి చూసే కెమెరా కాబట్టి పడుకోవాల్సిన అవసరం కూడా లేదు, మోకాళ్ల మీద కూర్చుంటే చాలు. స్తంభం ఒక్కటి మాత్రం ఎటు జరిగినా కుడి అంచున ఉండిపోయింది. దాన్ని నేను తీసేయలేదు. చేను ఉన్న చోట బోరు ఉంటుంది, బోరు ఉన్న చోట తీగ ఉంటుంది. కంప్యూటర్‌లో దాన్ని చెరిపేసేవాళ్లున్నారు, వాళ్ల ఇష్టం. నాకు మాత్రం ఏడెనిమిది చెట్లు పోయిన చోట స్తంభాన్ని కూడా మాయం చేయడం మరీ ఎక్కువనిపించింది.

జూన్‌లో మొదటి వానకు దుక్కి దున్నినప్పుడు వెళ్లాను. సాళ్లు తిన్నగా చెట్టు వైపు పోతున్నాయి, చూడ్డానికి బ్రహ్మాండం. అయితే జూన్, జూలైలలో మా దగ్గర పడమటి గాలి ఎలా కొడుతుందో గాలిమరలు పెట్టినవాళ్లకు బాగా తెలుసు. చింతాకు చిన్నది కదా, ఆ గాలికి తల మొత్తం ఊగుతుంటుంది. నేను ఇల్ఫర్డ్ కంపెనీ ఎఫ్‌పీ4 ప్లస్ ఫిల్మ్ వేసి ఉన్నాను, వెలుతురుకు ఫిల్మ్ స్పందించే వేగం (ఐఎస్ఓ) 125. ఎండలో లెన్స్ రంధ్రం (ఎపర్చర్) ఎఫ్/16 దగ్గర ఉంటే షట్టర్‌కు 1/125 సెకను సరిపోతుంది. లెన్స్ మీద ఆరెంజ్ ఫిల్టర్, అంటే రంగు గాజు, పెడితే అది రెండు స్టాపులు తినేస్తుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది), అంటే 1/30. ఆ వేగానికి ఆకులన్నీ చెరిగిపోయాయి. అదే కంపెనీ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మ్ ఐఎస్ఓ 400 కాబట్టి అదే ఫిల్టర్‌తో అదే ఎపర్చర్‌కు 1/125 దాకా వెళ్లొచ్చు. గింజ (ఫొటోలో సన్నటి చుక్కలు) కాస్త ఎక్కువ కనిపిస్తుందంటారు గానీ, ఇంత పెద్ద నెగెటివ్ మీద నాకు తేడా అనిపించలేదు. ఫిల్మ్ మార్చేశాను.

ఫిల్మ్ మారినా ఆకాశం మారలేదు. ఎండాకాలం చివర ఆకాశం నీలంగా ఉండదు, దుమ్ముతో తెల్లగా ఉంటుంది. తెల్లటి ఆకాశాన్ని ఏ ఫిల్టరూ నల్లబరచలేదు. ఫిల్టర్ చేసేదల్లా తన రంగు వెలుతురును లోపలికి రానిచ్చి, ఎదుటి రంగును ఆపడం. ఆపడానికి అక్కడ నీలం ఉండాలి కదా. వానలు పడి దుమ్ము అణిగేదాకా ఆగాల్సిందే. ఆగేలోపు చేలో చెనిక్కాయ మొలిచి నేలంతా పచ్చబడింది. ఇక పంట పీకేదాకా పని లేదు.

ఆ మధ్య కాలంలో ఫిల్టర్లు పట్టుకుని ఊరి బయట వేరే ఎర్ర నేలలు, వేరే చెట్ల మీద పరీక్షలు చేశాను. ఇది రాస్తున్నదే ఈ భాగం కోసం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

పసుపు ఫిల్టర్ వేస్తే ఆకాశం ఒక మెట్టు దిగుతుంది, మేఘం తేలుతుంది. కానీ నేలా చెట్టూ అలాగే కలిసిపోయి ఉంటాయి, ఎందుకంటే పసుపు గాజు ఎరుపునూ పచ్చనూ రెంటినీ రానిస్తుంది. పసుపూ ఆకుపచ్చా కలిసిన ఫిల్టర్ వేస్తే ఆకు తెల్లబడుతుంది, ఎర్ర నేల నల్లబడుతుంది. విడిపోవడమైతే విడిపోయాయి గానీ చెట్టు తేలిపోయి, కాంతంతా ఆకులోనే ఉన్నట్టు కనిపించింది. చింతచెట్టుకు దయ్యాల పేరు ఎలాగూ ఉంది, ఇక ఫొటోలో కూడా ఎందుకని పక్కన పెట్టాను. ఎరుపు ఫిల్టర్ అందరికీ ఇష్టమైనది. ఆకాశం దాదాపు నల్లగా, నేల తెల్లగా వచ్చేస్తుంది. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1927 ఏప్రిల్‌లో యోసెమిటీలోని హాఫ్ డోమ్ కొండను ముందు పసుపు ఫిల్టర్‌తో తీసి, తృప్తి కలగక చివరి గాజు ప్లేటు మీద ముదురు ఎరుపు ఫిల్టర్‌తో తీశాడు. నల్లటి ఆకాశం మీద తెల్లటి రాతి కొండ, ఆ ఫొటోతోనే ఆయన దారి మారింది. కానీ ఆయన ముందున్నది రాయి. నా ముందున్నది ఆకు. ఎరుపు ఫిల్టర్ నీలంతో పాటు పచ్చనూ ఆపేస్తుంది కాబట్టి ఆకాశం ఎంత నల్లబడిందో చెట్టు కూడా అంతే నల్లబడింది. నేలతో కలిసిపోయే చెట్టు ఇప్పుడు ఆకాశంతో కలిసిపోయింది.

మిగిలింది ఆరెంజ్. నేల తేలికవుతుంది, ఆకు ముదురుతుంది, ఆకాశం మధ్యస్థంగా దిగుతుంది. అయినా చెట్టు తలకూ ఆకాశానికీ మధ్య తేడా చాల్లేదు. ఆ తేడాను గాజు ఇవ్వదు, మేఘం ఇవ్వాలి. సరిగ్గా చెట్టు తల వెనకాల ఒక తెల్ల మేఘం నిలబడితే, నల్లటి చెట్టు, దాని వెనక తెలుపు, దాని చుట్టూ ముదురు ఆకాశం, కింద తెల్లటి నేల. కాగితం మీద గీసుకుంటే తేలికే. మేఘాన్ని అక్కడికి తెచ్చేదెవరు?

డిజిటల్‌లో ఈ బాధ లేదు. రంగుల ఫొటో తీసేసి, తర్వాత తీరిగ్గా ఎరుపు ఎంత, పచ్చ ఎంత, నీలం ఎంత అని జరుపుకోవచ్చు. నేనూ ఆఫీసు ఫంక్షన్లకు అలాగే చేస్తాను. ఫిల్మ్ మీద ముందే తేల్చుకోవాలి. పైగా ఈ కెమెరాలో ఫిల్టర్‌ను కింది లెన్సుకు పెడతాం, చూసేది పై లెన్సులోంచి. ఫిల్టర్ ఏం చేస్తోందో కంటికి కనిపించనే కనిపించదు, ఊహించుకోవాల్సిందే. నాకు ఆ ఊహించుకోవడం నచ్చింది. నచ్చనివాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లనేమీ అనను.

నవంబర్‌లో చెనిక్కాయ పీకేశారు. ఒక మంచి వాన పడింది, రైతన్న చేను తిరగ దున్నించాడు. గాలి లేదు. తెల్లారేసరికి గట్టు మీద ఉన్నాను కానీ కెమెరా బయటికి తీయలేదు. రాత్రి పూట చింతాకు ముడుచుకుంటుంది, ఎండ తగిలాక గానీ పూర్తిగా విప్పుకోదు. ముడుచుకున్నప్పుడు తీస్తే తల పలచగా, సందుల్లోంచి ఆకాశం కనిపిస్తూ ఉంటుంది. కొందరికి అదే బాగుంటుందేమో, నాకు నిండు తల కావాలి. సూర్యుడు కుడి పక్కన, కొంచెం వెనక. నేను ఉత్తరం వైపు చూస్తున్నాను. సూర్యుడికి అడ్డంగా ఉన్న వైపునే ఆకాశం అన్నిటికంటే ముదురు నీలంగా ఉంటుంది కాబట్టి ఆ గట్టును ముందే ఎంచుకున్నాను.

మీటర్ ఫోన్‌లోనే, ఒక చిన్న చోటి వెలుతురును మాత్రమే కొలిచే స్పాట్ మీటర్ యాప్ ఒకటుంది. మీటర్‌కు దేన్ని చూపించినా అది మధ్యస్థ బూడిద రంగనే అనుకుంటుంది, నల్ల గేదెనైనా తెల్ల గోడనైనా. అందుకే అది చెప్పిన అంకెను అలాగే వాడకూడదు. 1940 ప్రాంతంలో ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి తయారుచేసిన జోన్ సిస్టమ్ అనే వెలుతురు లెక్క చెప్పేది ఇదే. నీడలో ఏ భాగం వివరంగా కనిపించాలనుకుంటామో అక్కడ మీటర్ చూసి, రెండు స్టాపులు తగ్గించాలి. నేను మొదలు మీద నీడపడ్డ బెరడును చూసి, రెండు స్టాపులు తగ్గించి, ఫిల్టర్ కోసం రెండు స్టాపులు పెంచాను. 1/125, ఎఫ్/11 అని తేలింది. చాదస్తమనిపించే ఈ లెక్కంతా చేస్తే వచ్చిన అంకె, పొద్దుటి ఎండకు కంటి అంచనాతో పెట్టేదానికి ఏమాత్రం తేడా లేదు. పెద్దాయన జీవితమంతా కంటి అంచనాతోనే పెళ్లిళ్లు తీశాడు మరి.

తర్వాత మేఘం కోసం కూర్చోవడం. చిన్న చిన్న తెల్ల మేఘాలు ఈశాన్యం నుంచి వస్తున్నాయి. ఒకటి చెట్టు దాకా వచ్చేసరికి కరిగిపోతుంది, ఇంకోటి గుట్ట మీదే ఆగిపోతుంది. వెనక ఎవరో ట్రాక్టర్‌లో పాటలు పెట్టుకుని పోతున్నారు. రైతన్న భార్య వచ్చి, ఇంకా తీయలేదా అని అడిగి, టీ ఇచ్చి వెళ్లింది. ఎండ పైకొస్తున్నకొద్దీ బెరడు మీద నీడలు తగ్గిపోతున్నాయి, టెన్షన్ మొదలైంది. అప్పుడు ఒక వెడల్పాటి మేఘం, అడుగు భాగం కాస్త చదునుగా ఉన్నది, చెట్టు తలకంటే పెద్దది, మెల్లగా వెనక్కి జరిగింది. వరసగా నొక్కాను. రీలు అయిపోయింది.

ఫిల్మ్ కడగడం, అంటే డెవలప్ చేయడం, ఇంట్లోనే. లైట్లు తీసేసిన బాత్రూమ్‌లో ఫిల్మ్‌ను చేతి తడుముడుతో ట్యాంకు లోపలి చుట్టకు (స్పైరల్) ఎక్కించాలి. ఫ్యాన్ ఉండదు, వేళ్లకు చెమట పడితే ఫిల్మ్ ముందుకు కదలదు. ఎండాకాలంలో ఇదొక నరకం, నవంబర్‌లో పర్వాలేదు. కంపెనీ చార్టు ప్రకారం హెచ్‌పీ5 ప్లస్‌ను ఐడీ-11 డెవలపర్‌లో, సమానంగా నీళ్లు కలిపి, 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు కడగాలి. మా కొళాయి నీళ్లు 20 డిగ్రీలకు చలికాలంలో కూడా రావు. టబ్బులో ఐసు గడ్డలు కవర్‌లో కట్టి వేసి, అందులో కెమికల్ సీసాలు నిలబెట్టి, థర్మామీటర్ చూస్తూ కూర్చోవాలి. ఐసును నేరుగా డెవలపర్‌లో వేస్తే చిక్కదనం మారిపోతుంది. తెల్ల మేఘం, తేలికబడ్డ నేల ఉన్నాయి కాబట్టి అవి మరీ కాలిపోకుండా 13 నిమిషాలకు బదులు 11 నిమిషాలే ఉంచాను. నీడను బట్టి ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద పడనిచ్చే వెలుతురు), వెలుతురు భాగాలను బట్టి కడగడం అన్నది పాత సూత్రం.

తర్వాత డెవలపర్ పనిని ఆపే స్టాప్ ద్రావణం, తర్వాత బొమ్మను నిలబెట్టే హైపో. స్టూడియోవాళ్లు ఫిక్సర్‌ను ఇప్పటికీ హైపో అనే అంటారు. ఆఖర్న నీళ్లతో కడగడం. పారే నీళ్ల కింద పెట్టాలని పాత పుస్తకాల్లో రాసి ఉంటుంది. మా వీధిలో ట్యాంకర్ వచ్చే రోజు తప్ప అది కుదరదు. ఇల్ఫర్డ్ వాళ్లదే ఒక పొదుపు పద్ధతి ఉంది. ట్యాంకు నింపి 5 సార్లు తిరగేసి పారబోయాలి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. అంతే, మూడు ట్యాంకుల నీళ్లతో అయిపోతుంది. ఇంగ్లండ్‌లో కూర్చుని ఎవరు కనిపెట్టారో గానీ అనంతపురం కోసమే కనిపెట్టినట్టుంది. బోరు నీళ్లు మాత్రం చివర్లో వాడొద్దు, ఆరాక ఉప్పు మరకలు పడతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో ముగించాను. పెద్దాయన తడి నెగెటివ్‌ను బల్బుకు ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "మేఘం వచ్చింది, బెరడు వచ్చింది. ఇంకేం కావాలి?" అన్నాడు.

ప్రింట్ ఆయన స్టూడియోలోనే, వెనక గదిలో, నెగెటివ్‌ను పెద్దది చేసి కాగితం మీద వేసే దుమ్ము పట్టిన ఎన్లార్జర్ మీద. ఎర్ర బల్బు వెలుతురులో కాగితం ముక్క మీద ఐదైదు సెకన్లు పెంచుకుంటూ టెస్ట్ స్ట్రిప్ తీసి, సరైన టైం పట్టుకున్నాం. చింత తల ఒక పక్క మరీ ముద్దగా ఉంటే, సైకిల్ చువ్వకు అట్టముక్క అంటించిన ఆయన పాత పనిముట్టుతో ఆ భాగానికి కాసేపు వెలుతురు పడకుండా అడ్డుపెట్టాం. కదుపుతూ ఉండాలి, లేకపోతే గీత పడుతుంది. పై మూలల్లో ఆకాశానికి చేతులు అడ్డుపెట్టి కొంచెం ఎక్కువ వెలుతురిచ్చాం. ట్రేలో కాగితం మీద ముందు మొదలు, తర్వాత తల, అన్నిటికంటే ఆఖర్న మేఘం అంచులు వచ్చాయి. చెట్టు నల్లగా, నేల దాదాపు తెల్లగా, సాళ్లు సన్నటి గీతలుగా ఉన్నాయి. నాకు చాలా నచ్చింది. పెద్దాయనకూ నచ్చింది.

ఒక కాపీ తీసుకెళ్లి రైతన్నకు ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, భార్యకు చూపించి, మళ్లీ నా వైపు చూశాడు.

"మాను బాగుంది సార్. కానీ మా చేను చౌడునేల మాదిరి కనపడ్తాండాదే?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ఫొటో ఆయన కళ్లతో చూశాను. మా ప్రాంతంలో తెల్లగా కనిపించే నేల అంటే ఉప్పు పేరిన నేల, ఏమీ పండనిది. ఎవరైనా చూస్తే ఈయన చేను పాడైపోయిందనుకుంటారు. ఆ నేల ఎర్రగా ఉండటమే ఆయనకు గొప్ప, దాన్ని నేను ఫిల్టర్ పెట్టి తెల్లబరచి తెచ్చాను. ఫొటో చెట్టుది కాబట్టి నేల ఎలా ఉంటేనేమని ఆయనకు చెప్పబోయి ఆగాను. చెట్టు నిలబడింది నేల మీదే కదా, ఆ నేల ఎలాంటిదన్నది ఆ చెట్టు కథలో సగం.

స్టూడియోకు వెళ్లి అదే నెగెటివ్‌ను మళ్లీ ప్రింట్ చేశాం. ఈసారి చెట్టుకూ ఆకాశానికీ అట్ట అడ్డుపెట్టి, కింది భాగానికి మాత్రం రెట్టింపు దాకా వెలుతురిచ్చాం. నేల ముదిరింది. దున్నిన పెళ్లలు ఒక్కొక్కటీ బరువుగా కనిపించాయి, సాళ్ల మధ్య నీడలు వచ్చాయి. తడి నేల అని చూడగానే తెలుస్తుంది. చెట్టు మొదలు మాత్రం మునుపటంత విడిగా లేదు, అడుగున నేలలోకి కొంచెం దిగిపోయింది. పెద్దాయన మొహం మాడ్చుకున్నాడు. నలుపు తెలుపులో చెట్టు విడిపోవడానికే కదా ఇన్ని నెలలు తిరిగావు, ఇప్పుడు మళ్లీ కలిపేశావేంటని ఆయన బాధ. ఆయన మాటలో న్యాయముంది. అయినా నాకు రెండోదే ఎక్కువ నచ్చుతోంది, మొదటిది ఎక్కడి చెట్టైనా కావొచ్చు.

రెండో ప్రింటును రైతన్న ఫ్రేము కట్టించుకుని వసారాలో పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లకు చెట్టు కంటే ముందు చేనే చూపిస్తున్నాడట. ఫిబ్రవరిలో గుత్తవాళ్లు కాయ దించకముందు ఇంకోసారి రమ్మన్నాడు, కాయతో ఉన్నప్పుడు తీయాలట. ఆలోపు పెద్దాయన ఒక మధ్యేమార్గం చెప్పాడు. నలుపు తెలుపుల తేడాను (గ్రేడును) ఫిల్టర్‌తో మార్చుకోగలిగే మల్టీగ్రేడ్ పేపర్ మీద నేలకు మెత్తటి గ్రేడు, చెట్టుకు గట్టి గ్రేడు, ఒకే కాగితం మీద రెండు ఫిల్టర్లతో రెండు ఎక్స్‌పోజర్లు. అలా చేస్తే నేల ముదురుగానే ఉండి, మొదలు విడిపడుతుందని ఆయన నమ్మకం. ఇప్పటిదాకా చేసిన ప్రయత్నాల్లో అది జరగలేదు. ఆయన దగ్గర పేపర్ ఇంకా సగం ప్యాకెట్ మిగిలుంది.